నవ్వించే తమాషా, వణికించే తమాషా

కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవారికి ఒక సంగతి తెలుసు. ఒక్కరు ఒరిగితే దోనె మొత్తం ఒరుగుతుంది. నవ్వులాటకని భర్త దోనెను ఊపితే, ఈత రాని భార్య అంచు పట్టుకుని కెవ్వుమంటే, ఆయనకది వేడుక. ఆమెకు మాత్రం ఆ క్షణాన కనిపించేవి నీళ్లే.

పరిహాసం తప్పని ఇస్లాం అనలేదు. దైవప్రవక్త (స) కూడా పరిహాసమాడేవారు. సవారీకి ఒంటె కావాలని వచ్చిన వ్యక్తితో ఒంటె పిల్లను ఇస్తానన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని అతను తెల్లబోతే, ఏ ఒంటె అయినా ఒక ఒంటెకు పిల్లే కదా అన్నారు. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసి ఓడిపోయారు. కొంతకాలానికి మళ్లీ పరుగెత్తి గెలిచి, పాత బాకీ తీరిందన్నట్టు చమత్కరించారు. భార్యతో సరదాగా ఉండటం చిన్నతనమనుకునే మన పెద్దమనుషులు ఈ ఉల్లేఖనాన్ని ఎందుకో అంతగా గుర్తుచేయరు!

మరో ప్రయాణంలో ఒక సహచరుడు నిద్రపోతుండగా తోటివారు అతని తాడు తీశారు. అతను ఉలిక్కిపడ్డాడు. దెబ్బ తగల్లేదు, నష్టమూ లేదు. అయినా సాటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) స్పష్టం చేశారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ సంఘటన ఉంది. ఒంటె మాటలో తికమకే తప్ప భయం లేదు, ముడి కూడా వెంటనే వీడిపోయింది. నిద్రలో ఉన్నవాడికి ఆ వీలు లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో అస్వస్థులయ్యారు. కారణం తెలియక ఇంటింటా దిగులే. అది చూసిన ఊళ్లో 'ఊరికే' కిందపడి కొట్టుకున్నట్టు నటించేవాడిని ఏమనాలి? తాడేపల్లిగూడెం నుంచి ఫోను చేసి, "భాభీ, భాయీకి యాక్సిడెంటయింది" అని హడలగొట్టడమూ అంతే. తీవ్రమైన భయానికి గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు ఒకటుంది. ఆక్టోపస్‌లను పట్టే కుండలా గుండె కనిపిస్తుందని 1990లో జపాను వైద్యులు దానికి తకోత్సుబో అని పేరు పెట్టారు. యాభై దాటిన స్త్రీలలో ఎక్కువ.

భయపెట్టి భార్య ప్రేమను పరీక్షించేవారూ ఉన్నారు. ఆపదలో ఒకరు పరుగెడతారు, ఒకరు కొయ్యబారిపోతారు. అది శరీరం చేసే పని, ప్రేమకు కొలత కాదు. ఆ తర్వాత ఏం చేశారన్నదే చూడాలి. హిరా గుహ నుంచి ప్రవక్త (స) వణుకుతూ వస్తే హజ్రత్ ఖదీజా (రజి) ముందు దుప్పటి కప్పారు, వణుకు తగ్గాకే సంగతి విన్నారు, ధైర్యం చెప్పారు. అమెరికాలో 16 మంది వివాహితలపై చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, విద్యుత్ షాక్ తగలబోతోందని తెలిసినా భర్త చేయి పట్టుకుంటే మెదడులో భయం జాడ తగ్గిందని తేలింది.

బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లు కొల్లేటికే వస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరే. లంక గ్రామాల్లో దంపతులు వర్షాలకు ముందే కూర్చుని, పిల్లలను ఎవరు ఎత్తుకోవాలో, అమ్మీని ఎవరు పట్టుకోవాలో, రేషన్ కార్డు ఎక్కడుందో అనుకుని పెట్టుకోవచ్చు. అప్పుడు దోనె ఊపకుండా నడపడం వచ్చినవాడే కావాలి.