కాలిన గాయములు – మన ఇండ్లు

ఆసుపత్రులలో కాలిన గాయములకు చికిత్స పొందువారిలో ఎవరెవరు ఎక్కువగా నున్నారని విచారించినచో, అది కేవలము అదృష్టదురదృష్టముల సంగతి కాదని తెలియును. 2009లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన అంచనా ప్రకారము 2001వ సంవత్సరమున మన దేశములో అగ్నివలన 1,63,000 మందికి పైగా మరణించిరి. పోలీసు లెక్కకు ఇది ఆరు రెట్లు. వీరిలో స్త్రీలు సుమారు 1,06,000 మంది. అందును 15 మొదలు 34 ఏండ్లలోపు వారే హెచ్చు. పసిపిల్లలు వేడినీటివలనను, గంజివలనను కాలుదురు. మగవారిలో అనేకులకు పనిచేయుచోట, కరెంటువలన గాయములగును. పడుచు స్త్రీలకు మాత్రము ప్రమాదము వంటయింటిలోనే.

వంటయిల్లని వేరుగా నున్నప్పుడు గదా! షోలాపూరు మొదలు సేలము వరకు మనవారిలో ఒంటిగది కాపురములు ఎట్లుండునో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మగ్గము, నూలు చిలపలు, పొయ్యి, పిల్లల పక్క, అన్నియు నాలుగు గోడల నడుమనే. నేలమీద కూర్చుండి వండు ఇల్లాలు వెనుకకు తిరిగిన క్షణమున పమిట మంటపై వ్రాలును. వెలుగుచున్న స్టవ్వులోనే కిరసనాయిలు పోయుట, అందులో పెట్రోలు కల్తీ యగుట మరియు ప్రమాదము. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన పిదప గ్యాసు అనేక ఇండ్లకు చేరినమాట నిజమే. కాని సిలిండరు మరల తెచ్చుకొనుటకు డబ్బు లేనివారు పాతపొయ్యినే ఆశ్రయించుచున్నారు.

బట్టల సంగతి మనకంటె ఎరిగినవారెవరు? దారమును కాల్చి చూచుట మన వృత్తిలో పాత పరీక్షయే. పలుచని నూలు గుప్పున మండి బూడిద యగును. పాలిస్టరు కరిగి ముద్దగట్టును. ఆ ముద్దయే ఒంటికి అంటుకొనును. వంటవేళ పమిట నడుముకు బిగించుట మేలు.

ఇక చెప్పక తప్పని మాట. "స్టవ్వు పేలినది" అని ఆసుపత్రిలో చెప్పునవన్నియు అబద్ధములు కావు. అన్నియు నిజములును కావు. కట్నపు వేధింపులచే తనకు తాను నిప్పంటించుకొన్నవారును, ఇతరులు అంటించినవారును అందులో నున్నారు. బ్రతికినచో తిరిగి పోవలసినది ఆ యింటికే, పిల్లలున్నది అక్కడనే. అత్తవారు మంచము ప్రక్కనే నిలిచియుండగా ఆమె ఏమి చెప్పగలదు? కావున డాక్టరుగాని మేజిస్ట్రేటుగాని వాఙ్మూలము తీసికొనునప్పుడు బంధువులెవ్వరును దగ్గర నుండరాదు. వివాహమైన ఏడేండ్లలోపు కోడలు కాలిన గాయములతో మరణించి, మరణమునకు కొంచెము ముందు కట్నమునకై వేధింపబడినట్లు తేలినచో, దానిని వరకట్న మరణముగా ఎంచు చట్టము 1986 నుండి గలదు. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షనులో నున్నది. ఇట్టి వ్యవహారమును కులపెద్దలు కూర్చుండి రాజీ చేయుటను మేము ఒప్పుకొనము.

ఎవరికి నిప్పంటుకొన్నను మొదట మంటలార్పి, గాయముపై ఇరువది నిమిషములు కొళాయినీరు ధారగా పోయవలెను. మంచుగడ్డ, సిరా, పసుపు, పళ్లపొడి పూయరాదు. గాజులు, మెట్టెలు, ఉంగరములు వాపు రాకముందే తీసి, అంటుకొనని బట్టను తొలగించి, శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఒంటికి అంటుకొన్న బట్టను పీకరాదు. దానిని డాక్టరే తీయును.