క్రియాతిపత్తియు జరుగని చరిత్రయు

హేతువునకును ఫలమునకును సంబంధము కలిగియుండియు, ప్రతిబంధముచే గాని సామగ్రి కొఱతచే గాని క్రియ సిద్ధింపని చోటును వైయాకరణులు క్రియాతిపత్తి యందురు. పాణిని యచట లృఙ్‌ను విధించెను. తెనుగున దీనికి ప్రత్యేకరూపము లేదు; చేదర్థకమే యాపనిని నిర్వహించుచున్నది. ‘వాన కురిసిన పంట పండును’ అన్నపుడు వాన కురియునో కురియదో తేలదు. ‘వాన కురిసియుండినచో పంట పండియుండెడిది’ అన్నపుడు రెండును జరుగలేదని తేటపడుచున్నది.

కోనసీమవారికి ఈ యర్థము సుబోధము. ‘ధవళేశ్వరమున 1852లో ఆనకట్ట పూర్తికాకుండినచో అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో వరిచేలు ఇంతగా నుండెడివి కావు’ అను వాక్యము క్రియాతిపత్తికి తగిన యుదాహరణము. గన్నవరమున వైనతేయమును దాటి కాలువనీరు ఆవలి లంకలకు పోవుటను చూచినవారికి ఇందలి హేతువు ప్రత్యక్షము. ‘ధవళేశ్వరమున సముద్రముండినచో’ అనుట యట్టిది కాదు. అందు హేతువే లేదు గావున నది కేవలకల్పన.

ఈ భేదము నెఱిగినచో, పాశ్చాత్యవాఙ్మయమున ‘జరుగని చరిత్ర’ యను శాఖను పరీక్షించుట సులభము. రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున అమెరికా ఫాసిస్టు రాజ్యమగుట యందొక ప్రసిద్ధవస్తువు. సింక్లెయర్ లూయిస్ ‘ఇట్ కాంట్ హాపెన్ హియర్’ అను నవలను 1935లో ప్రకటించెను. ‘ఇక్కడ నిది జరుగదు’ అని దాని పేరునకర్థము, పేరే వ్యంగ్యము. అందలి నియంత 1936 ఎన్నికలలో గెలుచును. అనగా రచనాకాలమున నది భవిష్యత్తు, లిఙర్థమైన సంభావన. ఫిలిప్ రాత్ 2004లో ప్రకటించిన ‘ది ప్లాట్ అగైన్‌స్ట్ అమెరికా’లో 1940 ఎన్నికలందు లిండ్‌బర్గ్ గెలుచును. ఇది గడచినదానిని గూర్చినది గావున శుద్ధమైన లృఙర్థము. వస్తువొకటియే, లకారములు రెండు.

ఇక హేతువు కలదా యనునది ప్రశ్న. 1933 నాటికి ఆ దేశమున పనివారిలో సుమారు నాల్గవవంతు నిరుద్యోగులు. లూయిసియానాలో హ్యూయీ లాంగ్ అధికారమంతయు తనచేత నుంచుకొని, 1935లో హతుడయ్యెను. ఫాదర్ కఫ్లిన్ రేడియో ప్రసంగములలో యూదద్వేషమును వ్యాపింపజేసెను. 1939 ఫిబ్రవరి 20న న్యూయార్కులో నాజీ పక్షపాతులు జరిపిన సభకు సుమారు 20,000 మంది చేరిరి. హేతువు లేదనుట కల్ల. ఎన్నికలు నిలువకుండుట, న్యాయస్థానములు పనిచేయుట, రూజ్‌వెల్టు ప్రభుత్వము నిరుద్యోగులకు పనులు చూపుట ప్రతిబంధములైనవి.

అయినను ఆ యతిపత్తి యందఱకును సమానము కాదు. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయుడు చట్టము చెప్పిన ‘శ్వేతుడు’ కాడనియు, పౌరత్వమునకు అర్హుడు కాడనియు తీర్పు చెప్పెను. అంతకుముందు పౌరులైన పలువురు భారతీయుల పౌరత్వమును రద్దయ్యెను. ఆ యేటనే, వసిష్ఠగోదావరి కావల నున్న భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరెను. భారతీయులకు పౌరత్వము నొసగు చట్టము 1946లో గాని రాలేదు. ఎన్నో యౌషధముల పరిశోధనకు నాయకుడైన యాతడు 1948లో పౌరుడు కాకయే మరణించెను. మఱల 1942లో, అదే ఫిబ్రవరి 19న, వెలువడిన యుత్తరువుచే సుమారు 1,20,000 మంది జపాను సంతతివారు నిర్బంధింపబడిరి. వారిలో అధికులు ఆ దేశమునందే పుట్టిన పౌరులు.

కావున ‘అమెరికా ఫాసిస్టు రాజ్యమైయుండినచో’ అను వాక్యము రాజ్యమంతటికిని క్రియాతిపత్తియే. ఈ చెప్పిన వారి విషయమున అందలి కొంతభాగము లఙర్థము, అనగా జరిగిన భూతము. చరిత్ర బోధించువారు జరుగలేదని చెప్పి విడువక, జరుగకుండ నాపినదేదో చూపవలయును. క్రియ సిద్ధింపనంత మాత్రమున హేతువు నశింపదు. ప్రతిబంధము తొలగినచో లృఙ్ చోట లట్ ప్రవేశించుటకు ఆలస్యముండదు.