పువ్వును బట్టే పరిశోధన

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మధ్యాహ్నం దాటాక గద్వాల నుంచి అయిజ వైపో గట్టు వైపో వెళ్తే, పత్తి సాళ్ల మధ్య వంగి మొగ్గలు వెతుకుతున్న మనుషులు కనబడతారు. వాళ్లకు కావలసింది మర్నాడు పొద్దున విచ్చుకోబోయే మొగ్గ మాత్రమే. అది లేత మీగడ రంగులో, ఆకుపచ్చని రక్షక పత్రాల నడుమ నుంచి కాస్త పైకి వచ్చి ఉంటుంది. బొటనవేలి గోటితో దాని అడుగున చుట్టూ గీసి, రేకుల్నీ వాటికి అంటుకుని ఉన్న కేసరాల గొట్టాన్నీ కలిపి ఒక్క మెలికతో ఊడదీస్తారు. మిగిలేది సన్నటి కీలం, దాని కింద కాయ కావలసిన అండాశయం. గోరు వెంట్రుకవాసి లోపలికి దిగిందా, పిందె రాలిపోతుంది. ఒకటి రెండు పుప్పొడి తిత్తులు మిగిలిపోయాయా, ఆ పువ్వు సొంత పుప్పొడితో పుట్టిన గింజలు కాయలో కలిసిపోతాయి.

మర్నాడు పొద్దున మగ సాళ్లలో విచ్చిన పూలు కోసుకొచ్చి, నిన్న వలిచిపెట్టిన ప్రతి కీలం కొననూ వాటితో తాకిస్తారు. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకు సరిపోతుంది. పత్తి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. కాబట్టి మనిషి వేలే దాన్ని మోయాలి. బజారులో దొరికే 475 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్‌లో, గింజ తూకాన్ని బట్టి చూస్తే, దాదాపు 5000 గింజలుంటాయి. కాయకు 25 గింజలు అనుకున్నా, ఒక్క ప్యాకెట్ వెనుక 200 మొగ్గలు ఉన్నాయి. ప్రతి మొగ్గనూ సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి ఎవరో చేత్తో పట్టుకున్నారు.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ధరూర్, మల్దకల్, కేటీ దొడ్డి మండలాల్లో రైతుతో మాట్లాడితే 'సీడ్ పత్తి' అన్న మాట లేకుండా సంభాషణ ముగియదు. కంపెనీ తల్లిదండ్రుల విత్తనాన్ని ఇస్తుంది, ఆర్గనైజరు మధ్యలో ఉంటాడు, రైతు క్రాసింగ్ చేయించి గింజ అప్పజెబుతాడు. ఆ గింజలో కొంత నమూనా తీసి పొలంలో వేసి మొలిపించి చూస్తారు. దాని పేరు జీఓటీ. 100 మొక్కల్లో కనీసం 90 అసలైన హైబ్రిడ్ మొక్కలు కాకపోతే ఆ సరుకు విత్తనంగా పనికిరాదు. ఇంటిల్లిపాదీ రెండు నెలలకు పైగా మొగ్గలు వలిచిన కష్టమంతా, మరెక్కడో మొలిచిన ఆ మొక్కల లెక్క మీద ఆధారపడి ఉంటుంది. 'జీఓటీ ఫెయిల్' అన్న రెండు మాటలు ఈ ప్రాంతంలో ఎంత భయపెడతాయో బయటివాళ్లకు తెలియదు.

చేత్తో మొగ్గ వలిచి హైబ్రిడ్ గింజ తీసే ఈ పద్ధతి ప్రైవేటు కంపెనీ ఆలోచన కాదు, ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పుట్టింది. పత్తిలో ఒక్కొక్క పువ్వునూ చేత్తో సంకరం చేసి గింజ తీస్తే ఖర్చు గిట్టదని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, సూరత్‌లోని ప్రభుత్వ పత్తి పరిశోధన కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ ఆ పని చేసి చూపించారు. 1970లో విడుదలైన హెచ్-4 ప్రపంచంలో సాగుకు వచ్చిన తొలి పత్తి హైబ్రిడ్. రెండేళ్లకు ధార్వాడ్‌లో బి.హెచ్. కటార్కి రెండు వేర్వేరు పత్తి జాతులను కలిపి వరలక్ష్మిని తెచ్చారు. ప్రజల డబ్బుతో నడిచిన ఆ రెండు కేంద్రాలు వేసిన బాట మీదే తర్వాత విత్తన కంపెనీలు నడిచాయి.

కంపెనీలు హైబ్రిడ్‌నే ఎందుకు పట్టుకున్నాయో అర్థం కావాలంటే ఒక చిన్న జన్యుసూత్రం తెలియాలి. రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపితే మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా, బలంగా వస్తాయి. దాన్నే సంకర తేజం అంటారు. ఆ పంట గింజనే దాచి మళ్లీ విత్తితే, రెండో తరంలో తాత ముత్తాతల లక్షణాలు చెల్లాచెదురుగా బయటపడతాయి. ఒక మొక్క ఎత్తు, ఒకటి పొట్టి, దిగుబడి తగ్గుతుంది. రైతు ప్రతి ఏడాదీ మళ్లీ విత్తనం కొనక తప్పదు. ప్రతి ఏడాదీ అమ్మకం ఉన్నచోటికి పెట్టుబడి దానంతట అదే వస్తుంది. అలా లేనిచోట ఎవరు పరిశోధన చేస్తారు?

దానికి జవాబు పక్కనే వనపర్తిలో ఉంది. యాసంగిలో పెబ్బేరు, కొత్తకోట చుట్టుపక్కల వేరుశనగ విస్తారంగా వేస్తారు. వేరుశనగ పువ్వు తెల్లవారుజామున విచ్చుకునే వేళకే, ముడుచుకుని ఉన్న రేకుల లోపల తన పుప్పొడిని తానే కీలాగ్రానికి అంటించేసుకుని ఉంటుంది. పరాయి పుప్పొడికి అక్కడ దాదాపు చోటు లేదు. అందుకే ఈ ఏటి కాయ పోయినేటి కాయకు అచ్చు నకలు. మంచి రకం ఒకసారి చేతికొస్తే రైతు నాలుగైదేళ్లు సొంత విత్తనమే వాడుకోగలడు, పొరుగువాడికీ ఇవ్వగలడు. రైతుకు ఇంతకంటే మేలు ఏముంటుంది! కానీ ఆ మేలు వల్లనే కంపెనీకి ఇందులో లాభం కనబడదు.

విత్తనం తూకం కూడా కంపెనీకి కలిసిరాదు. పత్తికి ఎకరానికి అరకిలో లోపే చాలు. వేరుశనగకు ఎకరానికి 60 నుంచి 80 కిలోల పప్పు కావాలి. విత్తిన ప్రతి కిలోకూ చేతికి తిరిగొచ్చేది ఎనిమిది, పది కిలోలు. శాస్త్రవేత్త దగ్గర పుట్టిన గుప్పెడు బ్రీడర్ విత్తనం ఫౌండేషన్ విత్తనమై, తర్వాత సర్టిఫైడ్ విత్తనమై ఒక జిల్లాకు సరిపడా పెరగాలంటే ఏళ్లు గడుస్తాయి. ఈ మధ్యలో ఎవరో గోదాములు కట్టాలి, కొనాలి, ఆరబెట్టాలి, మొలక చూడాలి, నష్టమొస్తే భరించాలి. అందుకే తమిళనాడు తిండివనంలో పుట్టి 1940లో విడుదలైన టీఎంవీ-2 దశాబ్దాల పాటు తెలుగు రైతుల పొలాల్లో పాతుకుపోయింది. దాన్ని కదిలించడానికి కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6 రావలసి వచ్చింది. రెండూ ప్రభుత్వ రకాలే.

ఇప్పుడు వేరుశనగలో జరుగుతున్న ఒక మంచి మార్పు గురించి చెప్పాలి. మామూలు పల్లి నూనెలో ఓలిక్ ఆమ్లం దాదాపు సగం ఉంటుంది. త్వరగా కనరెక్కించే లినోలిక్ ఆమ్లం కూడా బాగానే ఉంటుంది. ఓలిక్‌ను లినోలిక్‌గా మార్చే ఎంజైమును తయారుచేసే జన్యువులు మొక్కలో రెండున్నాయి. ఆ రెండూ పనిచేయని మొక్కలను ఎంచి, వరుసగా సంకరం చేస్తూ పోతే ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా పెరుగుతుంది. పల్లి పట్టీ, వేయించిన పల్లీ ఎక్కువ కాలం కమ్మగా ఉంటాయి, గుండెకూ మంచిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి చేసిన ఈ పని నుంచి గిర్నార్-4, గిర్నార్-5 రకాలు వచ్చి 2020లో విడుదలయ్యాయి. ఇందులో పరాయి జన్యువు చొప్పించడం లేదు, పరీక్షల వివాదం లేదు. చేయాల్సిందల్లా విత్తనాన్ని పెంచి పంచడం. నా ఉద్దేశంలో వనపర్తి లాంటి జిల్లాలో ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయికీ అన్నిటికంటే త్వరగా ఫలితం కనిపించే చోటు ఇదే.

పత్తిలో కూడా దాచుకోగలిగే విత్తనం ఇవ్వాలని ప్రభుత్వ సంస్థలు ప్రయత్నించాయి. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. పురుగును చంపే ఆ జన్యువు రైతుకు చేరింది హైబ్రిడ్ల రూపంలోనే. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి బికనేరి నర్మా అనే, హైబ్రిడ్ కాని సూటి రకంలో బీటీ జన్యువు చేర్చాయి. 2008లో అనుమతి, మరుసటేడు విత్తనం. అంతలోనే ఆ విత్తనంలో ప్రైవేటు కంపెనీ జన్యువు ఆనవాళ్లు కనబడటంతో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఒక మంచి పని అజాగ్రత్త వల్ల చెడిపోవడం చూస్తే బాధేస్తుంది. డబ్బుతో పాటు విత్తన శుద్ధిని అడుగడుగునా పరీక్షించే పట్టుదల కూడా ఉండాలని ఆ అనుభవం చెబుతోంది. మరో వైపు, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ జన్యువుకు కంపెనీ తీసుకునే రుసుము మరీ ఎక్కువని గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి గెలిచింది. 1600 రూపాయలు దాటిన ప్యాకెట్ ధర 750కి దిగింది. పరిశోధనశాల బయట నిలబడి చేసిన ఆ పని కూడా రైతుకు అందిన సాయమే.

నడిగడ్డ మొగ్గల దగ్గరకు మళ్లీ వస్తే, ఆ గోటి పనిని తగ్గించే శాస్త్రం ఎప్పుడో ఉంది. కొన్ని పత్తి మొక్కల్లో జన్యు లోపం వల్ల పుప్పొడి పుట్టదు. అలాంటివాటిని ఆడ సాళ్లలో వేస్తే మొగ్గ వలవాల్సిన పనే లేదు, పొద్దున పుప్పొడి తాకిస్తే చాలు. చిక్కేమిటంటే ఈ లక్షణం ఉన్న వంశాన్ని నిలబెట్టాలంటే సగం మొక్కలు మామూలువిగానే వస్తాయి; పూత చూసి వాటిని పీకేయాలి. మెక్సికోలో పెరిగే ఒక అడవి పత్తి నుంచి తెచ్చిన మరో పద్ధతిలో ఆడ మొక్కలన్నీ పుప్పొడి లేనివే. కానీ రైతు పొలంలో కాయ కాయాలంటే మగ వంశంలో పుప్పొడిని తిరిగి పుట్టించే జన్యువు తప్పనిసరి. ఆ గుణం ఉన్న మంచి మగ రకాలు తక్కువ.

ఈ చిక్కులు తీరాలంటే పదిపదిహేనేళ్ల పని కావాలి. కంపెనీ ఆ పనికి తొందరపడదు, ఎందుకంటే మొగ్గ వలిచే కూలి ఖర్చు కంపెనీది కాదు, రైతుది. ఆదా అయ్యేది రైతుకు; పెట్టుబడి పెట్టాల్సింది కంపెనీ. ఇలా లాభం ఒకరికీ ఖర్చు ఒకరికీ పడినచోట ప్రభుత్వమే ముందుకు రావాలి. ఈ పొలాల్లో బడి మానేసిన ఆడపిల్లలు మొగ్గలు వలిచారన్నది దాచలేని చరిత్ర. ఆ చిన్న వేళ్ల అవసరాన్నే తీసేసే పరిశోధనకు డబ్బు పెట్టడంలో ఆలస్యం ఎందుకు?

మొక్కే సహకరిస్తే హైబ్రిడ్ ఎంత తేలికో ఆముదం చూపిస్తుంది. ఆముదం గెలలో పైన ఆడ పూలు, కింద మగ పూలు. పుప్పొడి గాలికే ఎగురుతుంది. గెల నిండా ఆడ పూలే పూసే వంశం అమెరికాలోని టెక్సస్ నుంచి గుజరాత్‌కు వచ్చింది. దాంతో 1968లో దేశంలోనే తొలి ఆముదం హైబ్రిడ్ జీసీహెచ్-3 వచ్చింది. ఆడ, మగ సాళ్లు పక్కపక్కన వేస్తే గాలే క్రాసింగ్ చేస్తుంది. ఎండ ముదిరితే ఆ ఆడ గెలల్లోనూ అక్కడక్కడా మగ పూలు వస్తాయి. వంశం నిలుపుకోవడానికి అదే ఆసరా.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. క్రాంతి, హరిత, కిరణ్ లాంటి ఆముదం రకాలు, పీసీహెచ్-111, పీసీహెచ్-222 హైబ్రిడ్లు అక్కడివే. వాన తడిని ఎక్కువ కాలం నిలుపుకోలేని పాలమూరు చల్క నేలల కోసం ఎంచినవి. ఈ నూనెలో 85 శాతానికి పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లం ఏ వంట నూనెలోనూ ఇంతగా దొరకదు. దాని నుంచి నైలాన్-11 అనే గట్టి ప్లాస్టిక్ చేస్తారు. కార్లలో ఇంధనం ప్రవహించే గొట్టాలు దాంతో వస్తాయి. పెట్రోలు బదులు మొక్క నుంచి వస్తువు తయారుచేయడమే బయో ఎకానమీ. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానం దాని కోసమే. ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం మన దేశానిదే, అందులోనూ సింహభాగం గుజరాత్‌ది.

ఒకప్పుడు పాలమూరు మెట్ట నేలల్లో ముఖ్యమైన పంట అయిన ఆముదం పత్తికి చోటిచ్చి తగ్గిపోయింది. కారణాల్లో ఒకటి బూజు తెగులు. గెల కాయ పట్టే వేళకు ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే, కాయల మీద బూడిద రంగు బూజు అల్లుకుని గెల మొత్తం కుళ్లిపోతుంది. గుజరాత్‌లో గెలలు ముదిరే వేళ వాతావరణం పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడి శాస్త్రవేత్తలకు ఇది పెద్ద బాధ కాదు. ఇక్కడివాళ్లకే బాధ, ఇక్కడే పరిష్కారం వెతకాలి. కాయలు ఒత్తుగా కాకుండా ఎడంగా ఉండే గెలలో నీరు నిలవక బూజు కొంత తక్కువ పడుతుంది. ముళ్లు లేని కాయలకూ అంతే. రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థలో తేమ గదుల్లో తెగులు ఎక్కించి వందల వంశాలను జల్లెడ పట్టవచ్చు. కానీ గట్టిదనం తేలేది పొలంలోనే, అదీ ముసురు పట్టిన ఏడాదిలోనే. మూడేళ్ల ప్రాజెక్టు ఇస్తే ఆ మూడేళ్లలో అలాంటి ముసురు ఒక్కసారీ రాకపోవచ్చు. పాలెంలో ఆముదం పని చేసే శాస్త్రవేత్తకు పదేళ్ల నిధి, ఖాళీ పడని పోస్టు, తెగులు కోసమే వదిలేసిన రెండెకరాల మడి కావాలి.