తాత జేబులోని పెన్ను.. ప్రదర్శన బల్లపైకి వచ్చేదెలా?

మేడ్చల్, శామీర్‌పేట: పాత పెంకుటిళ్లు పడగొట్టి అంతస్తులు లేపుతున్న కాలమిది. గోడ అల్మారాల్లో, ట్రంకు పెట్టెల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న సామాను బయటకు వస్తోంది. ఇత్తడి బిందెకు, టేకు దూలానికి అప్పటికప్పుడే బేరం కుదురుతుంది. అదే పెట్టె అడుగున సిరా ఎండి, మూత బిగుసుకుపోయిన ఇంకు పెన్ను మాత్రం చెత్తతోపాటు వెళ్లిపోతుంది. దానిని చేతిలోకి తీసుకుని ఎవరిదని అడిగేవారు కుటుంబానికి ఒక్కరున్నా అరుదే.

1984లో పట్వారీ వ్యవస్థ రద్దయ్యే నాటికి పహాణీలు నింపిన చేతుల్లో, బడి హాజరుపట్టీలు రాసిన చేతుల్లో, దస్తావేజు లేఖరుల చేతుల్లో ఉన్నది ఎక్కువగా ఇంకు పెన్నే. పరీక్షకు వెళ్లే పిల్లవాడి జేబులో పెన్నుతోపాటు కారిన సిరాను పీల్చేందుకు సుద్దముక్క కూడా ఉండేది. కనుక ఈ ప్రాంతంలో పాత పెన్నులు లేవనుకోవడం పొరపాటు. ఉన్నవాటిని గుర్తించడం, బాగుచేయడం, పదిమందికి చూపడం తెలియకే అవి పోతున్నాయి.

నాణేలు, తపాలా బిళ్లల మాదిరిగానే పెన్నులనూ సేకరించేవారున్నారు. అయితే ఒక తేడా ఉంది. నాణెం చెల్లకపోయినా సేకరణలో దాని విలువ దానికి ఉంటుంది. పెన్ను రాయాలి. రాయని పెన్నులు వంద తెచ్చి అభిరుచి సంఘం ఎదుట పరచినా చూసేవారికి మిగిలేది గాజు పెట్టెలోని బొమ్మలే.

రాజమండ్రి నుంచి వార్ధాకు..

సేకరణ చూపేవారు సాధారణంగా పార్కర్‌తో మొదలుపెడతారు. అమెరికాలో 1941లో విపణిలోకి వచ్చిన ‘పార్కర్ 51’ గొప్ప పెన్నే, అందులో సందేహం లేదు. కానీ తెలుగువారి బల్లపై మొదటి స్థానం దక్కాల్సినది రాజమండ్రి పెన్నుకు. స్వదేశీ ఉద్యమ కాలంలో గాంధీజీ పిలుపు అందుకుని కె.వి.రత్నం 1932లో అక్కడ పెన్నుల తయారీ ప్రారంభించారు. మొదట పంపిన పెన్నులో విదేశీ భాగాలు ఉన్నాయన్న కారణంతో గాంధీజీ సమ్మతించలేదన్నది ప్రచారంలో ఉన్న కథనం. లేతు యంత్రంపై గొట్టం, మూత తీయడం చేయి తిరిగిన పనివానికి సాధ్యమే, కష్టమంతా పాళీ దగ్గరే. పట్టు విడవకుండా చేసిన పెన్ను గ్రామ పరిశ్రమల సంఘం బాధ్యతలు చూస్తున్న జె.సి.కుమారప్ప ద్వారా వార్ధాకు చేరింది. దానితో రాసి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది బదులు కాగలదని మెచ్చుకుంటూ 1935 జులై 16న రత్నానికి లేఖ రాశారు.

అదే పట్టణంలో ‘గైడర్’ పెన్నులు వచ్చాయి. తెనాలిలో ‘మిసాక్’ పేరు నిలబడింది. హైదరాబాద్ అబిడ్స్‌లో 1928లో మొదలైన దక్కన్ పెన్ స్టోర్స్ తన సొంత పేరుతోనూ పెన్నులు చేయించింది. సిరా విషయానికి వస్తే, స్వదేశీ భావంతోనే 1934లో బెంగాల్‌లో ‘సులేఖ’ పుట్టింది. ఈ నాలుగైదు పేర్లు ఒక వరుసలో ఉంచితే చాలు, పెన్ను అన్నది విదేశీ విలాసమన్న భ్రమ తొలగుతుంది.

నల్లనిదంతా ప్లాస్టిక్ కాదు

రాజమండ్రి పెన్నుల్లో పేరుపొందినవి ఎబొనైట్‌తో చేసినవి. రబ్బరులో 30 శాతం, అంతకు మించి గంధకం కలిపి వేడిచేస్తే ఏర్పడే గట్టి పదార్థం ఇది. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు పొందారు. పెట్టెలో దొరికిన నల్లపెన్ను దేనితో చేసిందో తెలుసుకునేందుకు సూది కాల్చి గుచ్చేవారున్నారు. ఆ మచ్చ ఇక పోదు. బొటనవేలితో గట్టిగా కొద్దిసేపు రుద్ది వాసన చూస్తే సరిపోతుంది. గంధకం వాసన తగిలితే ఎబొనైట్ అనుకోవచ్చు.

ఈ పదార్థం సిరాతో బాగా తడుస్తుంది. అందుకే పాళీ కింద నాలుకలా కనిపించే భాగాన్ని దీనితోనే చేసేవారు. ఆ నాలుకపై సన్నని గాళ్లుంటాయి. సిరా వాటి వెంట పాళీ చీలికలోకి, అక్కడి నుంచి కాగితంపైకి దిగుతుంది. దిగిన మేరకు గాలి లోపలికి వెళుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరిగా కుదరకనే తొలినాటి పెన్నులు మరకలు చేసేవి. న్యూయార్క్‌లో లూయీ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన నాలుక ఈ చిక్కును చాలావరకు తీర్చింది.

ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకే సిరా పోసే పెన్నుల్లో ఒక ఇబ్బంది ఉంది. సిరా సగానికి తగ్గాక లోపల చేరిన గాలి చేతి వెచ్చదనానికి వ్యాకోచించి చుక్కను బయటకు నెడుతుంది. ‘పెన్ను కక్కుతోంది’ అని పెద్దలు విసుక్కున్నది ఇందుకే. మందపాటి ఎబొనైట్ వేడిని త్వరగా లోపలికి పోనీయదు కనుక అందులో బాధ కొంత తక్కువ. ప్రదర్శన నాడు ఇలాంటి పెన్నును అడుగున కాస్త సిరాతో తేకుండా నిండుగా నింపి తీసుకువెళ్లడం మేలు.

కడిగేటప్పుడే అసలు ప్రమాదం

పెన్నులు ఎక్కువగా పాడయ్యేది పెట్టెలో ఉన్నప్పుడు కాదు, దొరికిన మొదటి రోజున. వేడినీళ్లలో వేస్తే నల్లని ఎబొనైట్ గోధుమరంగుకు, మట్టిరంగుకు తిరుగుతుంది. స్పిరిటుతో తుడిస్తే సెల్యులాయిడ్ గొట్టం మెత్తబడి కరుగుతుంది, అతుకులకు వాడిన లక్క కూడా ఊడుతుంది. పట్టుకారుతో మూత తిప్పితే పగులు ఖాయం. చేయవలసింది ఒక్కటే. పాళీ ఉన్న భాగాన్ని మాత్రమే చల్లని నీటిలో నాననివ్వాలి. నీళ్లు మార్చుతూ రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. బిగిసిన మూతను అరచేతి వెచ్చదనంతో నెమ్మదిగా కదపాలి. అప్పటికీ రాకుంటే అనుభవం ఉన్న పనివారికి ఇవ్వడం ఉత్తమం.

మీట లాగి సిరా పీల్చే రకం పెన్నుల్లో లోపల రబ్బరు సంచి ఉంటుంది. అది ఎండి పెంకులా అయి ఉంటుంది. మీటను బలవంతంగా లాగరాదు, సంచిని మార్పించాలి. 1948 తర్వాతి ‘పార్కర్ 51’ల్లోని పారదర్శక సంచి మాత్రం ఇప్పటికీ పనిచేస్తూ కనిపించడం విశేషం. ఇక సిరా సంగతి. ఇంకు పెన్నుకని అమ్మే సిరానే పోయాలి. డ్రాయింగుకు వాడే నల్ల సిరా ఎండితే గాళ్లు మూసుకుపోతాయి. స్టాంపు ప్యాడు సిరా, ప్రింటరు సిరా అసలే పనికిరావు.

బల్లపై పన్నెండు చాలు

ఎనభై పెన్నులున్నా సంఘం సమావేశానికి పన్నెండు తీసుకువెళితే చాలు. సిరా నింపే తీరును బట్టి వరుస పెడితే కొత్తవారికి సులువుగా అర్థమవుతుంది. ఫిల్లరుతో పోసేవి, మీటవి, మర తిప్పేవి, సంచి నొక్కేవి. ఎండ పడే కిటికీ పక్కన బల్ల వేయరాదు. సగం పెన్నులు చూడటానికి, మూడు నాలుగు చేతికిచ్చి రాయించడానికి ఉంచుకోవాలి. ఇచ్చేముందు మూత తిప్పి తీసేదో, లాగి తీసేదో చెప్పాలి. తిప్పాల్సిన మూతను లాగి విరిచినవారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మూతను వెనుక తగిలించి రాయనివ్వకపోవడం మరో జాగ్రత్త. పాత మూతల అంచులు చిట్లేది అలాగే.

ప్రతి పెన్ను పక్కన చిన్న చీటీ ఉండాలి. తయారుచేసిన ఊరు, పదార్థం, పాళీపై ఉన్న అచ్చు, ఎవరు వాడారు, ఎవరి ద్వారా వచ్చింది. పాళీపై 585 అని ఉంటే 14 క్యారెట్ల బంగారమని అర్థం. జుమ్మేరాత్ బజారులో కొన్న పెన్నయితే అలాగే రాయాలి. ఫలానా దొరదని, ఫలానా మంత్రిదని కథ అల్లడం ఈ అభిరుచికి పట్టిన చీడ. ఒకరి గొట్టానికి మరొకరి మూత తగిలించి ‘అసలు పెన్ను’గా అమ్మేవారు ఉన్నందున ఈ జాగ్రత్త మరీ అవసరం. గొట్టంపై చెక్కిన పాత పేరు ఉంటే, అది తెలుగులో ఉన్నా ఉర్దూలో ఉన్నా, మెరుగు పెట్టి చెరపరాదు. బేరగాడు దానిని లోపమంటాడు. సేకరణకు అంతకన్నా విలువైన గీత మరొకటి లేదు.

ఆ పెన్నుతో రాసిన ఉత్తరమో, లెక్కల పుస్తకమో దొరికితే పక్కనే ఉంచవచ్చు. భూమి కాగితమైతే మాత్రం సర్వే నంబరు, హద్దులు, సంతకాలు కప్పి పెట్టాలి. ఇక్కడి భూముల ధరల దృష్ట్యా ఇది హాస్యానికి చెబుతున్న మాట కాదు.

సమావేశం ముగిశాక సిరాతోనే పెన్నులను పెట్టెలో పడేస్తే మరుసటి నెలకు మళ్లీ మొదటికొస్తుంది. సిరా ఒంపి, చల్లని నీటితో పాళీని కడిగి, మెత్తని గుడ్డపై ఒక రాత్రి ఆరనివ్వాలి. ఎబొనైట్ పెన్నును వెండి పెన్ను పక్కన ఉంచితే గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. సెల్యులాయిడ్‌వి గాలి ఆడేలా విడిగా ఉండాలి, పొయ్యికి, దీపానికి దూరంగా.