ముందు ఆగడం నేర్పాలి

మంచు మీద పిల్లల తొలి అడుగులు... పాల్వంచ నుంచి సోలాంగ్ దాకా ఓ కుటుంబం గడిపిన చలికాలం

డిసెంబరు వచ్చిందంటే మా పాల్వంచలో తెల్లవారడమే ఆలస్యం. కిన్నెరసాని అడవి వైపు నుంచి పొగమంచు దిగి, ఏడు దాటినా రోడ్డు సరిగ్గా కనిపించదు. చలి 12 డిగ్రీలకు పడిందంటే చాలు, మా అమ్మ పిల్లలిద్దరికీ మంకీ క్యాపులు తొడిగి, మిరియాల పాలు తాగించి గానీ గడప దాటనివ్వదు. అలాంటి ఇంట్లో 'సంక్రాంతి సెలవులకు మనాలి వెళ్లి పిల్లలకు స్కీయింగ్ నేర్పిస్తాం' అన్నాను. "ఇక్కడి చలికే ముక్కులు కారుతున్నాయి. మంచులో దొర్లిస్తావట్రా?" అని అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు. ఫోన్లో వీడియోలు చూసి మొదట ఆశపడింది వాళ్లే. ఆ తర్వాత వాళ్లకంటే ఎక్కువ ఉబలాటపడింది నేను. ఆ ఉబలాటమే ఒకరోజు తప్పు చేయించింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు అమ్మ అడిగిన ప్రశ్న చూద్దాం: మండుటెండల్లో పెరిగే మన పిల్లలకు మంచు సరిపడుతుందా?

మన మన్యం పిల్లాడే సాక్షి

ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గరే ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు తెలుగు విద్యార్థుల్లో సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది మన చర్ల మండలమే. అతనితో పాటు శిఖరం చేరిన మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్లే. మే నెలలో 45 డిగ్రీలు కాసే ప్రాంతాల్లో పెరిగినవాళ్లే.

అయితే వాళ్లను తీసుకెళ్లి నేరుగా మంచులో నిలబెట్టలేదు. మొదట భువనగిరి కోట రాతిగుట్ట మీద ఎక్కడం, దిగడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ, ఆపై గడ్డకట్టే చలిలో లడఖ్. అన్నీ అయ్యాకే ఎవరెస్టు. నెలల తరబడి ఒక్కో మెట్టే ఎక్కించారు. ఐదేళ్ల పిల్లాడి స్కీయింగ్‌కూ, ఎవరెస్టుకూ పోలిక లేదు. కానీ పద్ధతి మాత్రం ఒకటే. శరీరానికి ముందు అలవాటు కావాలి, ఆ తర్వాతే మంచు.

ఇక జలుబు మాట. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. తలుపులన్నీ మూసుకుని ఒకే గదిలో అందరూ కూర్చున్నప్పుడు అది సులువుగా అంటుకుంటుంది. పొడిగా, వెచ్చగా ఉండే బట్టలు వేస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చలిలో ఆడుకోవడానికి భయపడక్కర్లేదు. తడిసిన బట్టలతో ఉంచడమే ప్రమాదం. పెద్దల కంటే పిల్లల ఒంట్లోంచి వేడి త్వరగా పోతుంది.

గోడకుర్చీ పనికొచ్చింది

ప్రయాణానికి ఆరు వారాల ముందు ఇంట్లోనే సాధన మొదలుపెట్టాం. కొన్నదేమీ లేదు. స్కీ మీద నిలబడాలంటే మోకాళ్లు కాస్త వంచి, ఒంటిని కొద్దిగా ముందుకు ఉంచాలి. తొడలకు బలం, ఒంటికాలి మీద నిలకడ కావాలి. మన ఆటల్లో ఇవన్నీ ఉన్నాయి. బళ్లో శిక్షగా వేసే గోడకుర్చీని మేం పోటీగా మార్చాం. మొదటి రోజు పది అంకెలు లెక్కపెట్టేలోపు జారిపోయిన బాబు, నెల తిరిగేసరికి నలభై దాకా నిలిచాడు. సాయంత్రాలు వాకిట్లో ముగ్గుపిండితో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడించాం. ఒంటికాలి మీద గెంతి, వంగి బిళ్ల తీసి, తూలకుండా నిలబడటం కంటే మంచి నిలకడ సాధన ఏముంటుంది? సైకిల్ తొక్కడం ఎలాగూ ఉంది.

ఆదివారాలు భద్రాచలం వెళ్లేవాళ్లం. చలికాలంలో గోదారి తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. నీటికి దూరంగా, చిన్న ఇసుక దిబ్బ మీద మూడు పనులు చేయించాం. ఒకటి, పక్క అడుగులు వేస్తూ ఎక్కడం, దిగడం. రెండు, పక్కకు ఒరిగి కూర్చున్నట్టు పడటం. మూడు, పడ్డాక సాయం లేకుండా లేవడం. బోర్లా పడినా, చేతులు వెనక్కి చాచి పడినా మణికట్టుకు, భుజానికి దెబ్బ తగులుతుంది. పక్కకు మెత్తగా పడటం ఒక విద్యే. మా పిల్లలకు మాత్రం అదొక ఆట. ఎవరు బాగా పడతారా అని పందాలు వేసుకున్నారు.

డాక్టర్‌ను అడగాల్సినవి

టికెట్లు తీసుకునే ముందే పిల్లల డాక్టర్‌ను కలిశాం. ఆస్తమా ఉన్న పిల్లలకు చల్లని పొడిగాలి తగిలితే ఆయాసం పెరగవచ్చు. ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో ముందే రాయించుకోవాలి. దాన్ని సూట్‌కేసులో కాకుండా జేబులో ఉంచుకోవాలి. చెవిపోటు, గుండె సమస్యలు ఉన్నా చెప్పాలి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది సికిల్ సెల్. ఈ రక్త జబ్బు దేశంలో గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023లో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి రక్త పరీక్షలు చేయిస్తోంది. ఈ జబ్బు ఉన్నవారికి చలి, ఒంట్లో నీరు తగ్గడం, ఎత్తు మీద ప్రాణవాయువు తక్కువగా అందడం... ఈ మూడూ తీవ్రమైన నొప్పులు తెప్పించగలవు. అంటే మంచు కొండల్లో ఎదురయ్యేవన్నీ వాళ్లకు పడనివే. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, పిల్లల రక్త పరీక్ష ఫలితం చూసి డాక్టర్ సరేనంటేనే బయల్దేరాలి.

ఎత్తుకు అలవాటు పడనివ్వాలి

భద్రాచలం సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తులో కూడా లేదు. మనాలి సుమారు 2,000 మీటర్లు, మంచు ఆటలు జరిగే సోలాంగ్ లోయ సుమారు 2,500 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. అందుకే మనాలిలో రెండు రాత్రులు ఉండి, చుట్టుపక్కల మెల్లగా నడిచి, మూడో రోజు పైకి వెళ్లాం. పెద్ద పిల్లలు తలనొప్పి అని చెప్పగలరు. చిన్నవాళ్లు చెప్పలేరు. ఊరికే చిరాకు పడటం, అన్నం వద్దనడం, ఆడకపోవడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం... ఇవే సంకేతాలు. ఇలా ఉంటే ఇంకా ఎత్తుకు తీసుకెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, నడకలో తూలు, మత్తు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా దిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ రోజు నేను చేసిన తప్పు

ఇంత చేసి, అసలు చోట తొందరపడ్డాను. మొదటి రోజు స్కీలు గంట లెక్కన అద్దెకు తీసుకున్నాం. గంట గడిచిపోతోందని నా ఆరాటం. పాప నెమ్మదిగా సర్దుకుంటోంది. బాబును అందరూ జారుతున్న వాలు దగ్గరికి తీసుకెళ్లి, "ఏం కాదు చిన్నా, నేనున్నాగా" అని వదిలేశాను. పదిహేను అడుగులు జారి, ఎలా ఆగాలో తెలియక పడిపోయాడు. కాలు స్కీతో పాటు మెలిపడింది. అదృష్టం, ఎముకకు ఏమీ కాలేదు. కానీ మర్నాడు పొద్దున బూట్లు చూడగానే మంచం కిందికి దూరాడు. "నాన్నా, నువ్వు నన్ను వదిలేస్తావు. నేను రాను" అన్నాడు.

దెబ్బ కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి. ఆ రోజు వాడికి బూట్లు వేయలేదు. మంచులో బొమ్మలు చేశాం, గుండ్రంగా చేసి విసురుకున్నాం. స్కీయింగ్ ఊసే ఎత్తలేదు. వాడికి తోడుగా మా ఆవిడ ఉంటే, నేను వెళ్లి చిన్నపిల్లలకు నేర్పే ఒక పెద్దాయనను వెతికి పట్టుకున్నాను. జరిగింది విని ఆయన హిందీలో ఒకే ప్రశ్న అడిగాడు: "ఆగడం నేర్పకుండానే వదిలారా?"

సమోసా పాఠం

మర్నాడు ఆయన మా వాణ్ని వాలు దగ్గరికే తీసుకెళ్లలేదు. చదునైన చోట ముందు ఉత్త బూట్లతో నడిపించాడు. తర్వాత ఒక కాలికే స్కీ తగిలించి, రెండో కాలితో నెట్టుకుంటూ జారించాడు. ఆ తర్వాతే రెండోది. చేతికి కర్రలు ఇవ్వలేదు. చిన్నపిల్లలకు మొదట్లో అవి అడ్డమే. స్కీల ముందు కొనలు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే మూడు మూలల ఆకారం వస్తుంది. దానికి ఆయన పెట్టిన పేరు సమోసా. సమోసా పెద్దదైతే వేగం తగ్గుతుంది, ఇంకా పెద్దదైతే ఆగిపోతాం. నాలుగడుగుల వాలు మీద "సమోసా!" అనగానే ఆగడం... ఆ రోజంతా అదే ఆట.

ముప్పావు గంట అయ్యేసరికి "ఇవాళ్టికి చాలు" అన్నాడు. బాబు ఇంకోసారి అంటూ బతిమాలాడు. "ఇంకా కావాలంటున్నప్పుడే ఆపాలి, అప్పుడే రేపు పరుగెత్తుకొస్తాడు" అన్నది ఆయన లెక్క. నిజమే. అలసిన కాళ్లు మాట వినవు, దెబ్బలు తగిలేది అప్పుడే.

బట్టలు, బూట్లు, కళ్లు

మన దగ్గర ఒంటికి హాయిగా ఉండే కాటన్ బనియన్ అక్కడ పనికిరాదు. చెమటకు తడిసి, ఆరక, ఒంటిని చల్లబరుస్తుంది. లోపల త్వరగా ఆరే థర్మల్, మధ్యలో ఉన్ని, పైన నీళ్లు దిగని కోటు... ఇలా మూడు పొరలు వేయాలి. రెండు జతల సాక్స్ వేస్తే బూటు బిగుసుకుని రక్తం సరిగ్గా ఆడదు, కాళ్లు మరింత చల్లబడతాయి. ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే తొడుగులు చేతులకు ఎక్కువ వెచ్చదనం ఇస్తాయి.

బూటులో మడమ లేవకూడదు, వేళ్లు మాత్రం కదలాలి. పడినప్పుడు స్కీ ఊడి కాలు బయటపడేలా బిగింపు ఉంటుంది. దాన్ని పిల్లల బరువుకు తగ్గట్టు సరిచేయించాలి. మేం మొదటి రోజు అడగనిది ఇదే. అది ఊడకపోతే కాలు మెలిపడి పిక్క ముందున్న ఎముక విరగవచ్చు. హెల్మెట్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయనివ్వకండి.

చలిలో ఎండ దెబ్బేమిటి అనుకోకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ వాటి తీవ్రత కూడా పెరుగుతుంది. అందుకే గాగుల్స్ తప్పనిసరి. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయాలి. దాహం వేయకపోయినా గోరువెచ్చని నీళ్లు తాగిస్తూ ఉండాలి.

అరగంటకోసారి బుగ్గలు, చెవులు, వేళ్లు చూడండి. పాలిపోయి మొద్దుబారితే లోపలికి తీసుకెళ్లి తడి బట్టలు మార్చి, మీ అరచేతుల్లో, చంకల్లో పెట్టి వేడెక్కించండి. రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. రంగు, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్‌కు చూపించాలి.

చివరి రోజు పాప చిన్న వాలు మొత్తం దిగింది. బాబు అందులో సగం నుంచి దిగాడు. నేను కింద చేతులు చాచి నిలబడ్డాను. నాకు నాలుగడుగుల దూరంలో, నేను పట్టుకోకుండానే, సమోసా పెట్టి ఆగాడు. "నాన్నా, నువ్వు పట్టుకోకు. నేనే ఆగాను" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ ముందుగా చూసింది పిల్లల ముక్కులనే. పొడిగానే ఉన్నాయి. ఇప్పటికీ మా ఇంట్లో గోడకుర్చీ పోటీ ఆగలేదు. ఈసారి పందెంలో నానమ్మ కూడా ఉంది. ఆమె కూర్చునేది మాత్రం అసలు కుర్చీలోనే, అంకెలు లెక్కపెట్టడానికి.