పాత కారు బేరానికి వెళ్తున్నారా? సైకిల్ కూడా తీసుకెళ్లండి

మామిడికుదురు మండలం నగరంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత కార్ల బేరాలు ఎక్కువగా జరిగేది గల్ఫ్ నుంచి మనవాళ్లు సెలవుకి వచ్చినప్పుడే. చేతిలో రెండు నెలల టైము, రెండేళ్ల కష్టార్జితం ఉంటాయి. ఇంటికి వచ్చిన వారానికే "భాయ్, మంచి బండి ఉంది, సింగిల్ ఓనర్" అని ఫోన్లు మొదలవుతాయి. మా బావగారు కూడా కిందటేడు అలాగే కొన్నారు. ఆయనా, ఆపా, ముగ్గురు పిల్లలు, ఇంట్లో నానీ కలిపి ఆరుగురు. ఏడు సీట్ల బండి కదా, సరిపోతుందనుకున్నారు.

సరిపోలేదు. పెద్దబ్బాయికి భీమవరంలో కాలేజీ సీటు వచ్చింది. రూము నుంచి కాలేజీకి రెండు మూడు కిలోమీటర్లు, సైకిల్ కావాలి. సెలవులకి నాన్నమ్మ ఊరు వెళ్తే కాలవ గట్టు మీద తొక్కుకోడానికి అమ్మాయికీ తన సైకిల్ కావాలి. తీరా బయల్దేరే రోజు చూస్తే మూడో వరస సీట్లు వేసి ఉన్నాయి, డిక్కీలో బియ్యం మూటకే చోటు లేదు. సైకిళ్లు టాప్ మీద పెట్టి కొబ్బరి తాడుతో కట్టారు. చించినాడ వంతెన దిగేసరికి తాడు వదులైంది, పెడల్ గుచ్చుకుని రూఫ్ మీద రెండు సొట్టలు పడ్డాయి. టిన్కరింగు, పెయింటింగు ఖర్చుతో పాత సైకిల్ ఇంకోటి వచ్చేది.

అందుకే ఒక మాట ముందే. ఏడాదికి ఒక్కసారి సైకిల్ హాస్టల్‌కి చేర్చడమే మీ అవసరమైతే, దానికోసం పెద్ద కారు కొనకండి. ఆ ఒక్క ట్రిప్పుకి టాటా ఏస్ మాట్లాడుకోండి, లేదా అక్కడే పాత సైకిల్ కొనివ్వండి. నెలకి ఒకటి రెండు సార్లు పిల్లలూ సైకిళ్లూ కలిసి ప్రయాణం చేసే ఇల్లయితే మాత్రం కిందివి చదవండి.

ముందు సైకిల్‌ని కొలవండి

కారు కొనేటప్పుడు అందరం మైలేజీ అడుగుతాం. డిక్కీ మూత ఎంత ఎత్తు తెరుచుకుంటుందో ఎవరూ చూడరు. 26 అంగుళాల చక్రాలున్న మామూలు గేరు సైకిల్ పొడవు ఇంచుమించు 170 సెంటీమీటర్లు, ఎత్తు మీటరు, హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్ల పైన. ముందు చక్రం తీసేస్తే పొడవు చాలా తగ్గుతుంది, సీటు కిందికి దించితే ఎత్తూ తగ్గుతుంది. హ్యాండిల్ పక్కకి తిప్పి, పెడల్స్ విప్పితే పలచగా పడుకుంటుంది. విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. మామూలుగా తిప్పే వైపు బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది. చాలా సైకిళ్లకి 15 నంబరు స్పానర్ సరిపోతుంది, అది కార్లోనే ఉంచుకోండి.

ఇక బేరానికి వెళ్లేటప్పుడు టేపు కాదు, సైకిల్‌నే తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. టేపుతో కొలిచినప్పుడు పట్టేట్టు కనిపించింది, డిక్కీ అంచు దగ్గర హ్యాండిల్ తట్టుకుని ఆగిపోతుంది. పిల్లలందరినీ కూర్చోబెట్టి, అప్పుడు సైకిల్ ఎక్కించి చూడాలి. ఖాళీ కార్లో ఏదైనా పడుతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. ఏడు సీట్ల బండిలో మూడో వరస మడిస్తే ఐదుగురు మనుషులు, ముందు చక్రం తీసిన ఒక సైకిల్, సర్దుకుంటే రెండు. ఆరుగురు మనుషులు, రెండు సైకిళ్లు అంటే లోపల కుదరదు, కనీసం ఒకటి బయట కట్టాల్సిందే. ఈ సంగతి బ్రోకర్ చెప్పడు.

ఏ బండిలో ఎంత

ఎర్టిగా మన వైపు ఎక్కువగా దొరుకుతుంది. 2012లో వచ్చిన మొదటి మోడల్ కంటే 2018 చివర్లో వచ్చిన రెండోది పొడవు, డిక్కీ కూడా పెద్దది. అయినా అన్ని సీట్లూ వేసి ఉంటే డిక్కీ 209 లీటర్లే. మూడో వరస మడిస్తే 550 అవుతుంది. ఆ సీట్లు విడివిడిగా మడుస్తాయి కాబట్టి ఒకవైపు నానీనో చిన్నపిల్లనో కూర్చోబెట్టి, రెండో వైపు చిన్న సైకిల్ పెట్టొచ్చు. సీఎన్జీ ఎర్టిగా అయితే సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, కాబట్టి సైకిల్‌ని తీసుకెళ్లి చూడాలన్న మాట దానికి రెండింతలు వర్తిస్తుంది. ఇంకో సంగతి. సీఎన్జీ సిలిండర్‌కి మూడేళ్లకోసారి ప్రెజర్ టెస్టు చేయించి ఉండాలి, కిట్ సంగతి ఆర్సీలో రాసి ఉండాలి. బయట బిగించిన కిట్‌కి ఆ రెండూ లేకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు. 2014 జూన్ 27 తెల్లవారుజాము చూసిన ఊరికి గ్యాస్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

పాత ఇన్నోవాలో మూడో వరస సీట్లు పైకి లేచి రెండు పక్కలా కిటికీలకి ఆనుకుంటాయి. నేల కిందికి ఉంటుంది, ఎత్తు బాగుంటుంది, సైకిల్ ఇంచుమించు నిలబడే వెళ్తుంది. కాకపోతే మడిచిన సీట్లు వెడల్పు తినేస్తాయి. ఇంకో చిక్కేమిటంటే పదేళ్ల బండికి కూడా రేటు దిగదు, టాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకి మారినవీ ఉంటాయి. ఆర్సీ పాత వివరాలు చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి. రీడింగ్ లక్షలోపు ఉండి, స్టీరింగ్ నున్నగా అరిగి, బ్రేక్ పెడల్ రబ్బరు పోయి ఉంటే ఆ రీడింగ్‌ని నమ్మొద్దు.

రెనో ట్రైబర్ 2019లో వచ్చింది. నాకు నచ్చిన సంగతి, మూడో వరస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. అప్పుడు డిక్కీ 625 లీటర్లు. ఇంజన్ ఒక లీటరుదే, లోడు మీద నెమ్మది. మనకి ఘాట్ రోడ్లు లేవు, ఎక్కాల్సింది గోదావరి వంతెనలే, కాబట్టి కోనసీమ వరకూ సర్దుకోవచ్చు. లోడ్జీలోనూ అలా సీట్లు తీయొచ్చు గానీ ఆ మోడల్ అమ్మకం 2020లో ఆగిపోయింది. స్పేర్ పార్టుల గురించి మీ మెకానిక్‌ని ముందే అడగండి.

ఈకో ఐదు సీట్లది చవకలో పెద్ద పెట్టెలాంటిది. సైకిళ్లు పట్టడం ఒక్కటే చూస్తే దీన్ని మించింది లేదు. కానీ 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్ది చూసిన ఈకోకి ఒక్క స్టారూ రాలేదు. అదే సంస్థ 2019లో ఎర్టిగాకి మూడు, 2021లో ట్రైబర్‌కి పెద్దల రక్షణలో నాలుగు ఇచ్చింది. రోజూ పిల్లల్ని ఎక్కించుకుని 216 హైవే మీద లారీల మధ్య వెళ్లేవాళ్లు ఇది పక్కన పెట్టి ఆలోచించలేరు. ఊళ్లోనే సరుకులు వేసుకుని తిరిగేవాళ్ల సంగతి వేరు.

బొలెరోకి స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది, కాబట్టి మామూలు పట్టీల క్యారియర్ కూర్చోదు.

బయట కట్టాల్సి వస్తే

వెనక తలుపుకి పట్టీలతో తగిలించే క్యారియర్ చవక. ఇక్కడ చాలామంది మర్చిపోయే లెక్క ఒకటుంది. సైకిల్ అడ్డంగా కూర్చుంటుంది, పొడవు 170 సెంటీమీటర్లు. ఎర్టిగా కొత్త మోడల్ వెడల్పు 173, కాబట్టి అంచుకి అంచు సరిపోతుంది. వేగన్ఆర్ 162, ఈకో 147. అంటే చక్రాలు రెండు పక్కలా బయటికి వస్తాయి, ఎదురొచ్చే మోటార్ సైకిల్‌కి తగిలేది అవే. లోడు బాడీ దాటి పక్కలకి వస్తే మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్‌లో రాసిన జరిమానా 20 వేల రూపాయలు. కాబట్టి ముందు చక్రం విప్పి లోపల వేసుకోండి. వెనక నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు మూసుకుపోకూడదు. డిక్కీ మీద ప్లాస్టిక్ స్పాయిలర్ ఉంటే కొక్కెం దానికి తగిలించొద్దు, విరుగుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ర్యాంపు వాలు దగ్గర కారు వెనక భాగం కిందికి వంగినప్పుడు సైకిల్ చక్రం నేలకి రాసుకుంటుంది.

టాప్ మీద అయితే బరువు చూడాలి. ఇనుప ఫ్రేము గేరు సైకిల్ 16 నుంచి 18 కిలోలు, పాతకాలం పెద్ద సైకిల్ 20 దాటుతుంది. రెండు సైకిళ్లు, క్యారియర్ బరువు కలిపితే యాభై దగ్గరికి వస్తుంది. కారు రూఫ్ ఎంత మోస్తుందో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చాలా చిన్న కార్లకి అంతకు మించి అనుమతి ఉండదు. నిలబెట్టి కడితే మొత్తం ఎత్తు రెండు మీటర్ల డెబ్భై దాటుతుంది. మన సందుల్లో కొబ్బరి మట్టలు, మామిడి కొమ్మలు, కిందికి జారిన కేబుల్ వైర్లు ఎంత ఎత్తులో ఉంటాయో మీకు తెలుసు. పడుకోబెట్టి కట్టడమే మేలు, కింద పాత దుప్పటి వేసి. కొబ్బరి తాడు, సాగే రబ్బరు తాడు వద్దు. బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు వాడండి, ఐదు కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించండి. మా బావగారు ఆ ఒక్క పని చేసి ఉంటే రూఫ్ బాగానే ఉండేది.

లోపల పెట్టిన సైకిల్‌ని కూడా కట్టాలి. సడన్ బ్రేకు వేస్తే 17 కిలోల ఇనుము ముందు సీట్లో పిల్లాడి తల వెనక్కి వస్తుంది.

నీళ్లలో మునిగిన బండి

ఇది అన్నిటికంటే పెద్ద మోసం, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను. 2022 జూలై వరదలో మన లంకల్లో ఇళ్లే మునిగాయి, ఇక బండ్లెంత. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2015లోనూ, 2023 డిసెంబర్‌లోనూ చెన్నైలో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో అదే పరిస్థితి. అలా మునిగిన బండ్లు కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి, దూరం ఊళ్లలో అమ్ముతారు. పూర్వం ఏపీ 05 అంటే మన తూర్పుగోదావరి, 16 అంటే కృష్ణా అని నంబరు చూసి చెప్పేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆధారమూ పోయింది.

చూడాల్సినవి ఇవి. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. పైభాగం కొత్తగా ఉండి, లోపలి భాగంలో బురద గీత కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. డిక్కీలో సైకిల్ పెట్టి చూసేటప్పుడే మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి. మూలల్లో సన్న ఇసుక, తుప్పు ఉంటే అనుమానించండి. సీట్ల కింద పట్టాల బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె చేత్తో తడమండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కార్లో కూర్చోండి, ముక్కిన వాసన దాచలేరు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి హిస్టరీ, ఇన్సూరెన్స్ క్లెయిములు అడిగించండి. సముద్రం గాలికి ఓడలరేవు, అంతర్వేది వైపు తిరిగిన బండ్లకి అడుగున తుప్పు ఉంటుంది. అది వరద కాదు, కానీ ర్యాంపు ఎక్కించి కింద చూడకుండా కొనొద్దు.

కాగితాలు

అమ్మేవారి సంతకంతో ఫారం 29, ఇద్దరి సంతకాలతో ఫారం 30 ఉండాలి. రాష్ట్రంలోనే అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. హైదరాబాద్ బండి చవక అంటారు గానీ, అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ ఫారం 28 మీద తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఆ రెండూ కలిపాకే చవకో కాదో తేలుతుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కాబట్టి 13 ఏళ్ల బండి కొంటే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయనతోనే వెళ్తుంది.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే సమస్య ఇంకొకటి. "ఓనర్ కువైట్‌లో ఉన్నాడు, సంతకం తమ్ముడు పెట్టేస్తాడు" అంటారు. ఒప్పుకోకండి. ఓనరే పెట్టాలి, లేదా రాయబార కార్యాలయంలో చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి. కొనేది మీరై, నెల తర్వాత మీరే విమానం ఎక్కేటట్టయితే ఆర్సీ ఇంట్లో ఆవిడ పేరు మీద పెట్టండి. రేపు క్లెయిమ్ వచ్చినా, అమ్మాలన్నా సంతకానికి మీకోసం రెండేళ్లు ఆగాల్సిన పని ఉండదు. వడ్డీ లేకుండా ఉన్న డబ్బుతోనే కొనాలనుకునేవాళ్లు కారు ధరకే మొత్తం పెట్టేయకండి. పేరు మార్పు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ కోసం విడిగా ఉంచకపోతే అప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది.

మా బావగారు ఈసారి సెలవుకి వచ్చి ఆ బండి అమ్మకానికి పెట్టారు. మొన్న తాటిపాకలో ఒక బండి చూడ్డానికి వెళ్తూ అబ్బాయిని సైకిల్ మీద ముందు పంపించారు. సైకిల్ పట్టింది. డిక్కీ మ్యాట్ ఎత్తితే ఇసుక కనిపించింది. ఇద్దరూ తిరిగొచ్చేశారు, ఇంకా వెతుకుతున్నారు.