స్టెతస్కోప్ కొనేముందు మూడు సూదులు

సీటొచ్చింది. వీధంతా స్వీట్లు పంచారు. తెల్లకోటు రెడీ, స్టెతస్కోప్ కూడా కార్ట్‌లో పెట్టేశారు. కోదాడ నుంచో, మిర్యాలగూడ నుంచో బ్యాగు సర్దుకుని హాస్టల్‌కి బయల్దేరేముందు అమ్మను అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది.

‘‘అమ్మా, నా చిన్నప్పటి టీకాల కార్డు ఏడున్నది?’’

చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఇదే: ‘‘ఏమో బిడ్డా, ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. సూదులైతే అన్నీ ఏయించినం.’’

అన్నీ అంటే ఏవేవి? చిక్కంతా అక్కడే ఉంది.

హైవే పక్క క్యాజువాలిటీ

ఒకప్పుడు ఇక్కడి పిల్లలు ప్రభుత్వ మెడికల్ సీటంటే హైదరాబాదో, వరంగలో వెళ్లాల్సిందే. 2019లో సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాక ఆ దూరం తగ్గింది. వీటికి తోడు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల వాళ్లూ ఉన్నారు. వీళ్లంతా ఏదో ఒకరోజు వార్డులో అడుగుపెట్టేవాళ్లే.

సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్-విజయవాడ హైవే మీదే ఉన్నాయి. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వచ్చిందనుకోండి. ఒకరు సెలైన్ పెడుతుంటారు, ఇంకొకరు రక్తం తీస్తుంటారు. పక్కనే నిలబడి నేర్చుకుంటున్న స్టూడెంట్ వాడేసిన సూదికి మూత పెట్టబోతాడు. చేయి జారుతుంది, వేలికి చురుక్కుమంటుంది. గ్లవ్ మీద చిన్న ఎర్రచుక్క. ‘ఆ.. ఏం కాదులే’ అనుకుని పనిలో పడతాడు.

ఏమీ కాకపోవచ్చు. కానీ అవకాశం ఎంతో తెలుసుకోవాలి కదా!

మూడు మూళ్ల లెక్క

మెడికల్ విద్యార్థులకు గుర్తుండేలా చెప్పే లెక్క ఒకటుంది: 30, 3, 0.3. రోగి రక్తంలో వైరస్ ఉండి, ఆ సూది మనకు గుచ్చుకుంటే అది అంటుకునే అవకాశం హెపటైటిస్ బికి 30 శాతం దాకా, హెపటైటిస్ సికి సుమారు 3 శాతం, హెచ్‌ఐవీకి 0.3 శాతం. అంకెలు అటూ ఇటూ అవ్వొచ్చు. వరస మాత్రం ఇదే. అందరూ భయపడేది హెచ్‌ఐవీకి, ఎక్కువగా అంటుకునేది హెపటైటిస్ బి. పైగా ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా 7 రోజుల దాకా బతకగలదు.

ఊళ్లో దీన్ని ‘పసిరికలు’ అని పసరు పోయిస్తారు. కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి లివర్‌లో కూర్చుని సిర్రోసిస్, క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలదని చాలామందికి తెలియదు. ఒక్క మంచి కబురు ఏంటంటే, ఈ మూడింటిలో టీకా ఉన్నది దీనికొక్కదానికే.

ఆ టీకా కథలో మనవాళ్లూ ఉన్నారు. విదేశాల నుంచి వచ్చే డోసు సామాన్యుడికి అందని రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో అక్కడి నుంచి ‘షాన్‌వ్యాక్-బి’ వచ్చింది. దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా అది. దాంతో ధర దిగొచ్చింది. పిల్లలకు ఉచితంగా వేసే జాతీయ కార్యక్రమంలోకి ఈ టీకా దేశమంతటా వచ్చింది మాత్రం 2011 నాటికి. అంటే ఇప్పుడు ఎంబీబీఎస్‌లో చేరుతున్నవాళ్లు అప్పటికే పుట్టేశారు. కొందరికి పడి ఉంటుంది, కొందరికి పడి ఉండదు. కార్డు లేకపోతే చెప్పేదెవరు?

ఆర్నెల్ల క్యాలెండర్

ఈ టీకా ఒక్కరోజులో అయిపోయేది కాదు. ఈరోజు ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఆ తర్వాత 1-2 నెలలకు ‘యాంటీ హెచ్‌బీఎస్ టైటర్’ అనే రక్తపరీక్ష. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన వస్తే రక్షణ ఉన్నట్టే. తక్కువొస్తే ఇంకో కోర్సు వేసి మళ్లీ చూస్తారు. అంతా కలిపి దాదాపు 8 నెలలు.

ఎంబీబీఎస్‌లో అసలు వార్డు పోస్టింగులు మొదలయ్యేది రెండో ఏడాదిలో. అందుకే చేరిన మొదటి నెలలోనే తొలి డోసు వేయించుకుంటే, పోస్టింగుల నాటికి టైటర్ రిపోర్టు కూడా చేతిలో ఉంటుంది. మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులో జాగ్రత్తలు, టీకాల గురించి పాఠం పెట్టింది కూడా ఇందుకే. నర్సింగ్ వాళ్లు ఇంకా త్వరపడాలి, వాళ్లు వార్డుల్లోకి ముందే వెళ్తారు. మధ్యలో డోసు మిస్సయిందా? మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేయించుకోవచ్చు.

ఖర్చు గురించి దిగులా? 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో వైద్య సిబ్బందికి ఈ టీకా ఇవ్వడం ఒక భాగం. కాలేజీ అడగలేదని ఊరుకోకండి. మీరే వెళ్లి అడగండి.

ఇంకేం కావాలి?

తట్టు, రుబెల్లా: 2017 ఆగస్టులో తెలంగాణ స్కూళ్లలో ఎంఆర్ టీకా వేశారు, గుర్తుందా? అది వేయించుకున్నా రెండు డోసుల లెక్క సరిపోయిందో లేదో డాక్టర్‌తో చూపించుకోండి.

ఆటలమ్మ: చిన్నప్పుడు రాకపోతే, టీకా పడకపోతే రెండు డోసులు కావాలి. పెద్దయ్యాక వస్తే బాధ ఎక్కువ. అది పిల్లల వార్డులోనో, గర్భిణుల వార్డులోనో మీ నుంచి పాకితే ఇంకా కష్టం.

టీడీ: ధనుర్వాతం, డిఫ్తీరియాలకు పదేళ్లకోసారి బూస్టర్.

ఫ్లూ: ఏటా ఒకటి.

రేపు అమెరికాలోనో, యూకేలోనో ట్రైనింగ్‌కి వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మాట. అక్కడి హాస్పిటళ్లు రోగి దగ్గరికి పంపేముందే ఈ టీకాల రికార్డు, రక్తపరీక్షల రిపోర్టులు చూపించమంటాయి. ‘అమ్మ ఏయించింది’ అంటే కుదరదు.

గుచ్చుకుంటే?

కంగారు పడొద్దు, దాచిపెట్టొద్దు. వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, పారే నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి. హెచ్‌ఐవీ మందులు వీలైతే 2 గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటనివ్వకూడదు. వాటిని 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా పడనివాళ్లకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం కావొచ్చు. అది 24 గంటల్లో పడితే మంచిది. టైటర్ రిపోర్టు బాగున్నవాళ్లకు హెపటైటిస్ బి విషయంలో ఈ పరుగు ఉండదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.

‘పరీక్షలో పాజిటివ్ వస్తే నా చదువేం కావాలి?’ అనే భయంతో కొందరు పరీక్షకే వెళ్లరు. అది తప్పు. హెపటైటిస్ బి ఉన్నంత మాత్రాన విద్యార్థిని చదువుకు దూరం చేయకూడదని అమెరికా సీడీసీ 2012లోనే స్పష్టంగా చెప్పింది. మందులున్నాయి. ముందే తెలిస్తే లివర్‌ను కాపాడుకోవచ్చు.

అన్నట్టు, వార్డు ఊడ్చే అమ్మకూ, చెత్త సంచులు మోసే అన్నకూ గుచ్చుకునేది మీరు పారేసిన సూదే. వాడగానే మూత పెట్టే ప్రయత్నం చేయకుండా షార్ప్స్ డబ్బాలో వేయండి. వాళ్లకు టీకా పడిందో లేదో కూడా ఓసారి అడగండి.

ఇక ఈ ఆదివారం పని ఇది. ఇంట్లో బీరువా వెతకండి. కార్డు దొరికితే ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. దొరక్కపోతే రేపే వెళ్లి మొదటి డోసు వేయించుకోండి, నెల తర్వాతి తేదీకి రిమైండర్ పెట్టుకోండి. స్టెతస్కోప్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.